మందు ముందు మింగేది ఎవరు?

పోయిన నెల ఒక సాయంత్రం మా మండలంలోని కౌలు రైతు ఒకతను సంఘం ఆఫీసుకు వచ్చాడు. రెండెకరాల పసుపు, ఎకరం మక్క కౌలుకు చేస్తాడు. చాలాసేపు ధరల గురించి, దుంపకుళ్లు గురించి మాట్లాడాడు. లేచి వెళ్లబోతూ అసలు విషయం అడిగాడు.

"అన్నా, పట్నంల మందుల పరీక్షకు మనుషులు కావాల్నట. నాలుగు రోజులు ఉంచుకొని పదిహేను వేలు ఇస్తరట. ఆకు మందేనట, ఏం గాదంటున్నడు ఆ పిలగాడు. పోవాల్నా, వద్దా?"

ఆ పిలగాడు ఏజెంటు. మనిషికి ఇంత అని కమీషన్ తీసుకుంటాడు. మన కౌలు రైతుకు వడ్డీ గడువు దగ్గరపడింది. ఇంట్లో చెప్పలేదు. నాకు వెంటనే "వద్దు" అనాలనిపించింది. కానీ వద్దంటే ఆ పదిహేను వేలు నేనిస్తానా? సంఘం ఇస్తుందా? "నాలుగు రోజులు ఆగు తమ్మీ, తెలుసుకొని చెబుతా" అన్నాను. తెలుసుకున్నది అతనికి చెప్పాను. ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను.

"ఆకు మందే" అన్న మాట

మొక్కలతో బతికే మనకు ఈ మాటలోని అబద్ధం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. గన్నేరు మొక్కే. ఉమ్మెత్త మొక్కే. ముష్టి గింజ చెట్టుకు కాసేదే. లేత జొన్న పైరు మేసి పశువులు నురగలు కక్కి చచ్చిపోవడం మనలో చాలామంది చూశారు. అదే జొన్న ఎదిగి చొప్ప అయ్యాక పశువుకు మేత. అంటే ఏ మొక్క, అందులో ఏ భాగం, ఏ వయసులో, ఎంత మోతాదు అన్నవే మేలునూ కీడునూ తేలుస్తాయి. "మొక్కది కాబట్టి ఏం కాదు" అనేవాడికి మొక్క గురించి తెలియదు, లేదా మనల్ని మోసం చేస్తున్నాడు.

మన పసుపునే తీసుకుందాం. పసుపులోని కుర్కుమిన్ మీద అమెరికాలోని మిషిగన్‌లో 24 మంది ఆరోగ్యవంతులతో ఒక పరీక్ష చేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పెంచుతూ ఒకేసారి 12 గ్రాముల దాకా ఇచ్చారు. కొమ్ముల్లో కుర్కుమిన్ 3 శాతం ఉంటుందనుకుంటే, అది 400 గ్రాముల పసుపు ఒక్కసారే మింగినట్టు. 24 మందిలో ఏడుగురికి చిన్న చిన్న ఇబ్బందులు తప్ప పెద్దగా ఏమీ కాలేదు. 8 గ్రాముల వరకు తీసుకున్నవాళ్ల రక్తంలో కుర్కుమిన్ కనబడనే లేదు. ఒంటికి పట్టకుండా బయటికి పోతోందన్న మాట.

అయితే 1998లోనే బెంగళూరు శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చూపించారు. మిరియాల్లో ఉండే పైపెరిన్‌ను 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే, ఆరోగ్యవంతుల్లో కుర్కుమిన్ దాదాపు 20 రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టింది. ఆ తర్వాత ప్రపంచమంతా పసుపు బిళ్లల వ్యాపారం పెరిగింది. ఒంటికి బాగా పట్టేలా తయారుచేసిన రకాలూ మార్కెట్లోకి వచ్చాయి. 2022లో అమెరికా కాలేయ వైద్యులు ఒక నివేదిక ఇచ్చారు. పసుపు బిళ్లల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది వివరాలు అందులో ఉన్నాయి. ఐదుగురు ఆసుపత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పరీక్షించిన బిళ్లల్లో కొన్నింటిలో పైపెరిన్ ఉంది.

ఇందులో మన వంటింటి పసుపు తప్పేమీ లేదు. కూరలో చిటికెడు వేసేది ఒకటి, సారం తీసి, గాఢత పెంచి, ఒంటికి పట్టే దారి మార్చి అమ్మేది ఇంకొకటి. రెండోదాన్ని కొత్త మందులాగే చూడాలి. తాతల నాటి నుంచి తింటున్నామన్న మాట దానికి పూచీకత్తు కాదు. 24 మంది మీద పరీక్షలో కనబడనిది లక్షల మంది వాడినప్పుడు కనబడవచ్చన్నది కూడా ఇక్కడి పాఠమే.

ఆరోగ్యవంతుల మీదే ఎందుకు?

రోగి ఒంట్లో జబ్బు ఉంటుంది, వేరే మందులుంటాయి. కొత్త మందు వేశాక వాంతి అయితే అది జబ్బు వల్లా, మందు వల్లా అన్నది తేల్చడం కష్టం. అందుకే జంతువుల మీద చూశాక, మనుషుల్లో మొదటి దశ పరీక్ష సాధారణంగా కొన్ని పదుల మంది ఆరోగ్యవంతులతో చేస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. గంటగంటకూ రక్తం తీసి మందు ఎంత ఎక్కింది, ఎంతసేపట్లో దిగింది చూస్తారు. కాలేయం, మూత్రపిండాలు, గుండె పనితీరు చూస్తారు. బాగుంటేనే తర్వాతి మోతాదుకు వెళ్తారు. జబ్బు తగ్గుతుందా లేదా అన్నది ఈ దశలో ప్రశ్నే కాదు. మనిషి తట్టుకుంటాడా అన్నదే ప్రశ్న. బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ లాంటి తీవ్రమైన క్యాన్సర్ మందులను మాత్రం ఆరోగ్యవంతులకు ఇవ్వరు, రోగుల మీదే చూస్తారు.

ఈ దశ ఎంత అవసరమో నేలవేము చెబుతుంది. జ్వరానికి మన ఇళ్లలో కషాయం కాచే ఆ చేదు మొక్కే. అందులోని ఆండ్రోగ్రాఫోలైడ్‌ను అమెరికాలో 13 మంది హెచ్‌ఐవీ ఉన్నవారికి, ఐదుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చి చూశారు. ఫలితం 2000లో ప్రచురించారు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 3 వారాలు, తర్వాత 10 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 20 ఇవ్వాలన్నది పథకం. 20 దాకా పోనే లేదు. దుష్ప్రభావాలు రావడంతో, ఒక రోగికి తీవ్రమైన అలర్జీ కూడా రావడంతో 6 వారాలకే ఆపేశారు. తర్వాత అందరికీ తగ్గిపోయింది. పరీక్ష ఆగిపోవడం వైఫల్యం కాదు. ఆపాల్సిన చోట ఆపడానికే ఆ పరీక్ష ఉన్నది.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో 2021 మే నెలలో మనమంతా చూశాం. కరోనా రెండో అల రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలాది మంది బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, ఆయుర్వేద పరిశోధకుల నివేదిక తెప్పించుకుంది. నోటి ద్వారా తీసుకునే మందులకు మే 31న అనుమతిచ్చింది, కంట్లో వేసే చుక్కలకు అప్పుడు ఇవ్వలేదు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చి ఉండవచ్చు. కానీ ఆ వరుసలో నిలబడ్డ ప్రతి మనిషీ పరీక్షలో ఉన్నవాడే. ఎవరికి తగ్గింది, ఎవరికి ముదిరింది అని రాసేవాళ్లు మాత్రం లేరు. వేలమందికి పంచే ముందు కొద్దిమందిలో జాగ్రత్తగా చూడటమే మేలు.

మన సంఘంలో కొందరు మిత్రులు ఈ పరీక్షలన్నీ ఆపేయించాలంటున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే కానీ వాళ్ల పరిష్కారంతో నేను ఏకీభవించను. పరీక్షలు ఆపితే నష్టపోయేది పేదలే. పరీక్షించని మందు చివరికి చేరేది మన సంతలకే.

ఎవరి ఒళ్లు, ఎవరి ఇష్టం?

అసలు తగాదా పరీక్ష ఉండాలా వద్దా అన్నది కాదు, ఎవరి మీద, ఏ పరిస్థితుల్లో చేస్తున్నారన్నది.

చైనా శాస్త్రవేత్త తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు తీసింది. జంతువుల్లో కొంత విషప్రభావం కనబడిందని అనుమానం వచ్చింది. మలేరియా కాలం దాటిపోతోంది. 1972లో ఆమె, ఇద్దరు సహచరులు ఆసుపత్రిలో చేరి ఆ సారాన్ని ముందు తామే మింగారు. ఆ తర్వాతే రోగులకు ఇచ్చారు. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు శాస్త్రవేత్తలంతా అలా మింగాలని నేననను. కానీ ఆమె తాను మింగేదేమిటో తెలిసి, నమ్మి మింగింది. స్వచ్ఛందం అంటే అదీ.

మన దగ్గరి సంగతి చూడండి. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకెళ్లి రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షలో వాడుకున్న విషయం బయటపడింది. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థ అనుమతిని నిలిపేశారు. 2017లో కరీంనగర్ ప్రాంతపు కూలీలు డబ్బు కోసం ఇలాంటి పరీక్షలకు వెళ్తున్నారని పత్రికలకెక్కింది. ఒక మనిషి మరణానికి ఆ పరీక్షలే కారణమని కుటుంబం ఆరోపించింది. ఇవి మొక్కల మందులు కావు, ఎక్కువగా ఇప్పటికే ఉన్న మందుతో కొత్త బిళ్లను పోల్చే పరీక్షలు. కానీ వెళ్లే మనిషి అతనే, తీసుకెళ్లే ఏజెంటు అతనే. ఇప్పుడు "ఆకు మందే" అన్న మాట కొత్తగా చేరింది, అంతే.

అప్పు గడువు మెడ మీద ఉన్నవాడు చేసే సంతకాన్ని స్వచ్ఛందం అనడం కష్టం. పైగా అవసరం మనిషి చేత అబద్ధం చెప్పిస్తుంది. ఒక చోట నుంచి వచ్చిన నెలలోపే ఇంకో చోటికి, పాతది దాచిపెట్టి పోతాడు. రెండు మందులు ఒంట్లో కలిస్తే ప్రాణం మీదికి రావచ్చు. పరీక్ష కూడా పాడవుతుంది. పరిశోధనా స్థానం వాళ్లు మన పొలంలో కొత్త ఎరువు చూడటానికి మడి వేశారనుకోండి. ముందు వారమే మనం అందులో యూరియా చల్లి చెప్పకుండా ఊరుకుంటే, వాళ్ల లెక్క దేనికి పనికొస్తుంది? పేదరికం మీద నడిపే పరీక్ష పేదవాడికే కాదు, రేపు ఆ మందు మింగే ప్రతివాడికీ ప్రమాదమే.

డబ్బున్న దేశాల్లోనూ నిర్లక్ష్యం ప్రాణాలు తీస్తుంది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఒక కొత్త మందు పరీక్షలో ఆరోగ్యవంతుడొకరు చనిపోయారు. అదీ మొక్క మందు కాదు. సాయంత్రం ఆయన్ను ఆసుపత్రికి పంపి, మర్నాడు పొద్దున మిగతావాళ్లకు మళ్లీ మందు ఇచ్చారు. అందుకే నియమాలు కాగితం మీద ఉంటే చాలదు, అడిగేవాళ్లు ఉండాలి.

చట్టంలో మనకు ఉన్నవి

మొక్కల నుంచి తీసే మందులకు మన దేశంలో 2015 నవంబరులో ఫైటోఫార్మాస్యూటికల్ అని ప్రత్యేక వర్గం పెట్టారు. ఔషధ మొక్క సారాన్ని శుద్ధి చేసి, అందులో కనీసం 4 రసాయనాలను గుర్తించి కొలిచి చూపించాలి. మన గట్ల మీద, కంచెల మీద పాకే దూసరి తీగ తెలుసు కదా, ఆకు రసం నీళ్లలో పిండితే గడ్డకట్టేది. దాన్నుంచి డెంగీ కోసం తయారుచేస్తున్న మందును 2020 జూన్‌లో కరోనా రోగుల మీద రెండో దశ పరీక్షకు తీసుకున్నారు. మనుషుల్లో భద్రత పరీక్ష పూర్తయ్యాకే ఆ దశకు వెళ్లింది. అంటే సరైన దారి మన దేశంలోనూ ఉంది.

2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు ఈ వర్గానికీ వర్తిస్తాయి. వాటి ప్రకారం ప్రతి సభ్యుడూ గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

1. మందు ఏమిటి, ప్రమాదాలేమిటి అన్నది మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. సంతకం చేసిన కాగితం నకలు మనకివ్వాలి. చదువు రానివారికి సంబంధం లేని సాక్షి ఉండాలి.

2. ఎప్పుడంటే అప్పుడు మధ్యలో మానేసే హక్కు ఉంది. కారణం చెప్పనక్కర్లేదు.

3. ప్రతి పరీక్షనూ నీతి కమిటీ ఆమోదించాలి. కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు ఉండాలి.

4. క్లినికల్ ట్రయల్‌ను మొదటి మనిషిని చేర్చుకోకముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ నంబరు అడగండి. సెల్‌ఫోన్‌లో ఎవరైనా వెతికి చూడవచ్చు.

5. పరీక్ష వల్ల దెబ్బ తగిలితే ఉచిత వైద్యం చేయించాలి. పరీక్ష వల్ల మరణం సంభవిస్తే పరిహారానికి లెక్క ఉంది. 8 లక్షలు మూలం. ఆరోగ్యవంతుడైతే దాన్ని 4తో హెచ్చించి, వయసు గుణకం వేస్తారు. ఆ లెక్కన 40 ఏళ్ల మనిషికి సుమారు 59 లక్షలు వస్తుంది. 65 దాటినా 32 లక్షలకు తగ్గదు.

ఈ చివరి అంశం ఊరూరా చెప్పాలి. ఏదైనా జరిగినప్పుడు యాభై వేలో లక్షో చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి వస్తే ఒప్పుకోకూడదు. అయితే ప్రాచీన గ్రంథాల్లోని ఆయుర్వేద మందులకు దారి వేరు, ఈ 2019 నియమాల పరిధిలోకి అవి రావు. కాబట్టి మన హక్కు ఏమిటన్నది పరీక్ష ఏ వర్గం కిందికి వస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ముందే అడగాలి.

మన పొలం వైపు నుంచి

మనం పండించేదాని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. పెన్నేరు, అంటే అశ్వగంధ, వేరునే మందుకు వాడాలి, ఆకు వాడొద్దని 2021లో ఆయుష్ శాఖ తయారీదార్లకు చెప్పింది. వేరులో ఆకు, కాండం కలిపి తూకం పెంచితే, పసుపులో రంగు కలిపితే, కోతకు ముందు పురుగుమందు కొడితే అదంతా చివరికి ఒకరి ఒంట్లోకి పోతుంది. శుభ్రంగా పండించడం మన బాధ్యత. అలా పండించినదానికి ధర కట్టడం కొనేవాడి బాధ్యత. ఆ రెండోది జరగడం లేదు. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్కతో జీవని అనే మందు తయారైనప్పుడు, లైసెన్సు డబ్బులో సగం వాళ్లకిచ్చారు. మన దగ్గర 2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించి, సాగుచేసిన ఔషధ మొక్కలకు లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చారు. మొక్క మనది, ఒళ్లు మనది. వాటా దగ్గరికి వచ్చేసరికి మనం లేము.

సంఘం అడగాల్సినవి

పరీక్షల్లో పాల్గొనేవారి పేర్లు ప్రభుత్వం నడిపే ఒకే పట్టికలో ఉండాలి. ఫ్రాన్స్‌లో అలాంటి జాతీయ పట్టిక ఉంది. రెండు చోట్లకు పోయే ప్రమాదం దాంతో తప్పుతుంది. కమీషన్ ఏజెంట్ల ద్వారా మనుషులను చేర్చుకోవడాన్ని నిషేధించాలి. సమ్మతి తీసుకునే మాటలన్నీ వీడియోలో రికార్డు చేయాలి. రిజిస్ట్రీ వివరాలు తెలుగులో పెట్టాలి. ఆయుర్వేద మందుల పరీక్షలకూ ఇదే పరిహారం వర్తింపజేయాలి. ఇక అన్నిటికన్నా ముందు, కౌలు రైతుకు బ్యాంకు రుణం అందాలి. అది అందితే ఏజెంటు పని సగం అయిపోతుంది.

నేను ఆ కౌలు రైతుకు వెళ్లమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. మూడు ప్రశ్నలు రాసిచ్చాను. ఏం మందు? రిజిస్ట్రేషన్ నంబరెంత? సంతకం చేసే కాగితం ముందుగా ఇంటికి తెచ్చుకొని చదివించుకోవచ్చా? అతను ఆ ప్రశ్నలు ఏజెంటును అడిగాడు. మర్నాటి నుంచి ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. అతను వెళ్లలేదు. వడ్డీ మాత్రం అలాగే ఉంది. అది కూడా సంఘం పనే అని నేననుకుంటున్నాను.

మీ ఊళ్లో ఇలాంటి పిలుపు ఎవరికైనా వస్తే సిగ్గుపడొద్దని చెప్పండి. ఇంట్లో చెప్పమనండి. ఆ కాగితం తీసుకొని సంఘం ఆఫీసుకు రమ్మనండి. కూర్చొని చదువుదాం.